సెంట్రల్‌లో దిగి ఎగ్మోర్‌లో ఎక్కేలోపు: ఒక్క పగటిలో పాత చెన్నపట్నం

అడిగినది ఇది: విజయవాడ నుంచి అమ్మానాన్నలతో పొద్దున ఆరున్నరకి చెన్నై సెంట్రల్‌లో దిగుతున్నారు, రాత్రి తొమ్మిది దాటాక ఎగ్మోర్‌లో రామేశ్వరం బండి. మెరీనా, టీ నగర్ ఇదివరకే చూశారు. సెంట్రల్ చుట్టుపక్కలే పగలు గడపడానికి ఏమైనా ఉందా, లేక వెయిటింగ్ హాల్లో కూర్చోవడమే మేలా?

ఉంది, పగలంతటికీ సరిపోయేంత ఉంది. అయితే ఏది ఎన్ని గంటలకి చూడాలన్నదే ఇక్కడ అసలు సంగతి. పదకొండింటికి జార్జిటౌన్‌లో అడుగుపెడితే తోపుడుబళ్ళు, మూటలు, హారన్ల మధ్య ఏమీ కనపడదు. ఒంటిగంటకి గుళ్ళకి వెళ్తే తలుపులు మూసి ఉంటాయి. శుక్రవారం మ్యూజియంలకి వెళ్తే గేటు దగ్గర్నుంచే వెనక్కి రావాలి. కాబట్టి పొద్దున్నే జార్జిటౌన్, పది గంటలకి కోట, మధ్యాహ్నం ఎగ్మోర్ మ్యూజియం, చీకటి పడే వేళకి సౌకార్‌పేట తిండి, ఈ వరస తప్పకండి.

ముందు టికెట్ చూసుకోండి. ఎంఏఎస్ అని ఉంటే సెంట్రల్, ఎంఎస్ అని ఉంటే ఎగ్మోర్, టీబీఎం అయితే తాంబరం. మొదటి రెంటికీ ఒక్క అక్షరమే తేడా, ఏటా ఎందరో ఇక్కడే బండి తప్పిపోతారు. ఎగ్మోర్ రెండు కిలోమీటర్ల దూరమే గానీ తాంబరం నగరానికి ఆ చివర, పాతిక కిలోమీటర్ల పైమాటే. దక్షిణాదికి వెళ్ళే కొన్ని బండ్లు తాంబరం నుంచే బయల్దేరతాయి.

సామాను సెంట్రల్ క్లోక్‌రూమ్‌లోనే పెట్టండి. రాత్రి బండి ఎగ్మోర్‌లో కదా, అక్కడే పెడితే పోలా అనిపిస్తుంది. కానీ సాయంత్రం మీరు తేలేది సెంట్రల్ పక్కనే, ఇక్కణ్ణుంచి ఎగ్మోర్ మెట్రోలో ఒక్క స్టేషనే. తాళం లేని బ్యాగు క్లోక్‌రూమ్‌లో తీసుకోరు. జిప్పులున్న బ్యాగులకి చిన్న తాళాలు ఇంటి దగ్గరే వేసుకు రండి. మీరు దిగిన బండి టికెట్, ఒక గుర్తింపు కార్డు చేతిలో ఉంచుకోండి. రసీదుకి ఫోటో తీసి పెట్టుకోండి, అది పోతే సామాను విడిపించుకోవడం పెద్ద తతంగం అవుతుంది. మందులు, నీళ్ళ సీసా, గొడుగు, తేలిగ్గా విప్పే చెప్పులు మాత్రం వెంట ఉంచుకోండి. స్నానాలు, టిఫిన్ స్టేషన్లోనే కానిచ్చేయండి, ఎందుకంటే జార్జిటౌన్ వీధుల్లో ఆడవాళ్ళకి పనికొచ్చే మరుగుదొడ్డి దాదాపు దొరకదు. ఇక్కణ్ణుంచి కదిలితే మళ్ళీ శుభ్రంగా ఉండేవి మెట్రో స్టేషన్లలోనివే.

స్టేషన్ బయటికి రాగానే హడావిడిగా ఆటో ఎక్కేయకండి. రోడ్డు దాటి పార్క్ స్టేషన్ వైపుకి వెళ్ళి వెనక్కి తిరిగి చూడండి, ఎర్రటి భవనం, గడియారపు గోపురం అక్కణ్ణుంచే పూర్తిగా కనిపిస్తాయి. జార్జ్ హార్డింగ్ గీసిన నమూనాతో 1873లో మొదలైన స్టేషన్ ఇది, తర్వాత చిషోమ్ అనే వాస్తుశిల్పి మార్పులు చేశాడు. మదరాసుకి మొదటి స్టేషన్ మాత్రం ఇది కాదు, 1856లో తెరిచిన రాయపురం.

సెంట్రల్ పక్కనే పడమటి వైపు ఇటుక రంగులో ఉన్నది విక్టోరియా పబ్లిక్ హాల్. దాని దగ్గర మనవాళ్ళు పది నిమిషాలు ఆగాలి. 1883లో దీనికి శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజా పూసపాటి ఆనంద గజపతిరాజు. కట్టిన కాంట్రాక్టరు తాటికొండ నంపెరుమాళ్ చెట్టి, ఎగ్మోర్ మ్యూజియం ఆవరణలోని కట్టడాలు, హైకోర్టు కూడా ఆయన చేతి పనులే. మదరాసులో తొలిసారి తెర మీద కదిలే బొమ్మలు చూపించినది కూడా ఈ హాల్లోనే. ఆ పక్కన తెల్లగా మెరిసేది రిప్పన్ బిల్డింగ్, 1913 నాటిది, నగరపాలక సంస్థ ఆఫీసు. లోపల పని లేకుండా తిరగనివ్వరు, బయటి నుంచి చూస్తే చాలు. ఆవరణలో పిట్టి త్యాగరాయ చెట్టి విగ్రహం ఉంది. మీరు చూసొచ్చిన టీ నగర్‌లోని టీ ఆయన పేరులోదే. దేవాంగుల ఇంట పుట్టిన తెలుగువాడు, మదరాసు కార్పొరేషన్‌కి ఎన్నికైన మొదటి భారతీయ అధ్యక్షుడు. ఎదురుగా ఉన్న జనరల్ ఆస్పత్రిని ఆనుకున్న మదరాసు మెడికల్ కాలేజీలోనే యల్లాప్రగడ సుబ్బారావు చదివారు.

ఇదంతా అరగంట పని. ఏడున్నరకల్లా జార్జిటౌన్ వైపు కదలండి.

సెంట్రల్‌కి తూర్పున ఉత్తరానికి పోయే రోడ్డు వాల్ టాక్స్ రోడ్. ఫ్రెంచివాళ్ళ ముట్టడి తర్వాత ఈస్టిండియా కంపెనీవాళ్ళు ఊరి చుట్టూ గోడ కట్టి, ఆ ఖర్చు జనం మీద పన్నుగా వేయాలనుకున్నారు. పన్ను వసూలు కాలేదు గానీ పేరు నిలిచిపోయింది. ఈ రోడ్డు దాటితే పార్క్ టౌన్, అక్కడ రాసప్ప చెట్టి వీధిలో కందకోట్టం, అంటే కందస్వామి గుడి. సెంట్రల్ నుంచి ఇంచుమించు కిలోమీటరు. పెద్దవాళ్ళకి నడక కష్టమైతే ఆటోకి 'కందకోట్టం' అని చెప్పండి చాలు. మూలవిరాట్టు సుబ్రహ్మణ్యేశ్వరుడు. తమిళ సాధుకవి రామలింగ స్వామి చిన్నతనంలో ఈ సన్నిధిలోనే పాడారు. గుడి చుట్టూ ఉన్న అంగళ్ళని తమిళంలో నాట్టు మరుందు కడై అంటారు, మన పచారీ కొట్లలో మూలికల అరలాంటివి. శొంఠి, పిప్పళ్ళు, అతిమధురం, కరక్కాయ, వసకొమ్ము వంటివి విడిగా తూచి ఇస్తారు. అవి కొనాలనుంటే సాయంత్రం వచ్చినప్పుడు కొనండి, పొద్దున్న చాలా కొట్లు తెరవరు.

కందకోట్టం నుంచి వచ్చి ఎన్‌ఎస్‌సీ బోస్ రోడ్డు పట్టుకుని తూర్పుకి నడవండి. ఇక్కణ్ణుంచి సముద్రం వైపు ఉన్న పారీస్ కార్నర్ దాకా ఒకే గీతలా పోతుంది, దారి తప్పే ప్రసక్తి లేదు. పూల బజారు దగ్గర, ఇక్కడివాళ్ళ మాటలో పూక్కడై దగ్గర, ఎడమ చేతికి దేవరాజ ముదలి వీధి. పక్కపక్కనే రెండు గుళ్ళు, చెన్నకేశవ పెరుమాళ్, చెన్నమల్లీశ్వరుడు. పాతవాళ్ళు పట్టణం కోవిల అంటారు. వీధిలో అద్దాలు, ప్లాస్టిక్ సామాను అంగళ్ళు కమ్మేసి ఉండటంతో పదింటి తర్వాత గుడి ద్వారం పక్కనుంచి నడిచిపోయినా గుర్తుపట్టరు. ఎనిమిదింటికైతే అంగళ్ళ షట్టర్లు మూసి ఉంటాయి, గోపురం తేటగా కనిపిస్తుంది.

ఈ రెండు గుళ్ళ కథ తెలిస్తే ఆ తర్వాత చూసేవన్నీ ఒక తాడుకి కట్టినట్టు అర్థమవుతాయి, అందుకని కాస్త వివరంగా చెప్తాను. 1639 ఆగస్టు 22న దామెర్ల వెంకటప్ప నాయకుడు కంపెనీకి ఈ తీరంలో కొంత నేల ఇచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదనే చెన్నపట్నం వెలిసిందని ఎక్కువమంది చెప్తారు, చెన్నకేశవుడి పేరు మీద అనేవాళ్ళూ ఉన్నారు. తెల్లవాళ్ళ కోట పక్కనే ఉత్తరంగా మనవాళ్ళ ఊరు పెరిగింది. అందులో 1640ల్లోనే చెన్నకేశవుడి గుడి లేచింది. కంపెనీకి దుబాసీగా ఉన్న బేరి తిమ్మన్న పేరు ఆ గుడి తొలి దాతల్లో వినిపిస్తుంది. కానీ ఆ గుడి ఉన్నది ఇక్కడ కాదు, ఇప్పుడు హైకోర్టు ఉన్న చోట. కోటకి అంత దగ్గర్లో ఇళ్ళూ గోపురాలూ ఉంటే శత్రువు వాటి చాటున ఫిరంగులు పెట్టుకుంటాడన్న భయంతో 1757లో గుడిని పడగొట్టారు. 1758 చివర్లో లాలీ నడిపిన ఫ్రెంచి సేన ముట్టడించాక మిగిలిన పాత ఊరు కూడా పోయింది. జనం ఇంకాస్త ఉత్తరానికి జరిగారు, అదే ఇప్పటి జార్జిటౌన్. పడగొట్టిన గుడికి బదులుగా 1760ల్లో మణలి ముత్తుకృష్ణ ముదలియార్ చొరవతో కట్టినవే ఈ జంట గుళ్ళు. ఊరి పేరుతో ముడిపడ్డ దేవుడు ఊరితోపాటే కదిలి వచ్చాడన్నమాట. తొమ్మిదిలోపు చేరితే సన్నిధిలో కాసేపు ప్రశాంతంగా కూర్చోవచ్చు.

మళ్ళీ రోడ్డు మీదికి వచ్చి తూర్పుకి నడుస్తూ ఎడమవైపు పైకి చూడండి. గ్రీకు గుడిలా స్తంభాలున్న పచ్చయ్యప్ప హాల్ కొట్ల బోర్డుల వెనక దాక్కుని ఉంటుంది, 1850 నాటిది. దాని తర్వాత ఉత్తరానికి చీలే పెద్ద రోడ్డు పాత పేరు బ్రాడ్‌వే, ఇప్పటి పేరు ప్రకాశం సాలై. మన టంగుటూరి ప్రకాశం పంతులే. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కి వ్యతిరేకంగా జరిగిన హర్తాళ్‌లో పోలీసు తుపాకీకి ఆయన గుండె చూపించింది ఈ హైకోర్టు పరిసరాల్లోనే. ఈ రోడ్డు ఒకప్పుడు నీటి కాలువ. దానికి తూర్పున ముత్యాలపేట, పడమర పెద్దనాయకన్‌పేట. ఊరి కావలి చూసే పెద్ద నాయకుడి పేరే ఆ పేటకి వచ్చింది. వీధి పేర్లు చదువుకుంటూ పోండి. గోవిందప్ప నాయకన్ వీధి, నైనియప్ప నాయకన్ వీధి, కాశీ చెట్టి వీధి, తంబుచెట్టి వీధి. సగం పేర్లకి చరిత్ర పుస్తకం అక్కర్లేదు, వినగానే మనకి తెలిసిపోతాయి. ముంబయి నుంచి తరలి వచ్చిన ఆంధ్రపత్రిక 1914 నుంచి దినపత్రికగా తంబుచెట్టి వీధిలోంచే వెలువడింది. త్యాగరాజస్వామి మదరాసు వచ్చినప్పుడు బస చేసిన కోవూరు సుందరేశ ముదలియార్ ఇల్లు ఇక్కడి బందర్ వీధిలోనే ఉండేది.

కుడివైపంతా హైకోర్టు. 1892లో పూర్తయింది. లోపల తిరగాలంటే భద్రతా తనిఖీలు, అనుమతులు, పని లేనివారికి ప్రవేశం కష్టం. ప్రయత్నించి సమయం పోగొట్టుకోవద్దు, రోడ్డు మీద నుంచి గుమ్మటాలు బాగానే కనిపిస్తాయి. అన్నిటికన్నా ఎత్తైన గుమ్మటం మీద 1894 నుంచి 1977 వరకూ ఓడలకి దారి చూపే దీపం వెలిగింది. ఆవరణలోనే దానికన్నా పాత దీపస్తంభం, 1844 నాటి రాతి కంబం, విడిగా నిలబడి ఉంది. సముద్రం వైపు ప్రహరీ గోడకి ఒక చిన్న రాతి పలక ఉంటుంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక మదరాసు మీద పేల్చిన గుండు తగిలిన చోటు అది. వెతికితేనే కనపడుతుంది, రోజూ అటుగా వెళ్ళేవాళ్ళలో చాలామందికి అక్కడ ఉందనే తెలియదు.

పారీస్ కార్నర్‌లో డేర్ హౌస్ దగ్గర ఇంకో రాయి ఉంది. పాత ఊరిని తుడిచేశాక, కోట నుంచి ఇంత దూరం లోపల ఎవరూ ఇల్లు కట్టకూడదని 1773లో హద్దు రాళ్ళు పాతారు. వాటిలో మిగిలినది ఇది. ఆ రాయి పక్కన నిలబడి దక్షిణానికి చూస్తే హైకోర్టు మైదానం, దాని వెనక కోట. మధ్యలో ఉన్నదంతా ఫిరంగులకి అడ్డు లేకుండా ఖాళీ చేయించిన నేల. పొద్దున్నుంచి నడిచిన దారికి కారణమంతా ఆ రాయి దగ్గర కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది.

ఇక్కడికి తొమ్మిదిన్నర అవుతుంది. ఓపిక ఉంటే తంబుచెట్టి వీధిలోకి పది నిమిషాలు నడిచి కాళికాంబాళ్ గుడి చూడవచ్చు. 1677లో ఛత్రపతి శివాజీ వచ్చి దర్శనం చేసుకున్నాడని ఆ గుడివాళ్ళు చెప్పుకుంటారు. లేదంటే నేరుగా కోటకి వెళ్ళండి, ఆటోలో అయిదు నిమిషాలు, రాజాజీ సాలై వెంట నడిస్తే పావుగంట.

సెయింట్ జార్జి కోటలోపలే తమిళనాడు సచివాలయం, శాసనసభ ఉన్నాయి. అందువల్ల గేటు దగ్గర బ్యాగులు తనిఖీ చేస్తారు, గుర్తింపు కార్డు అడగవచ్చు. 'మ్యూజియం' అని చెప్తే దారి చూపిస్తారు. శాసనసభ సమావేశాలు జరిగే రోజుల్లో పోలీసులు ఎక్కువ, ఆలస్యం అవుతుంది. పోలీసుల వైపు, సచివాలయం వైపు కెమెరా పెట్టకండి. ఫోర్ట్ మ్యూజియం పురావస్తు శాఖది, శుక్రవారం సెలవు. మూడంతస్తులు, మెట్లు ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్నవారు కింది అంతస్తు చూసి ఆగిపోయినా నష్టం లేదు. తప్పక చూడవలసింది 1947 ఆగస్టు 15న ఈ కోట మీద ఎగిరిన పట్టు జెండా. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. పట్టుకి వెలుతురు హాని కాబట్టి మసక దీపాల్లో ఉంచారు. లోపలికి వెళ్ళి ఒక నిమిషం ఆగితే గానీ కళ్ళకి రంగులు అందవు, చాలామంది ఆ నిమిషం ఆగకుండానే బయటికి వచ్చేస్తారు. కారన్‌వాలిస్ విగ్రహం పీఠం మీద టిప్పు సుల్తాన్ కొడుకులని బందీలుగా అప్పగించే దృశ్యం చెక్కి ఉంటుంది, అదీ చూడండి.

పక్కనే సెయింట్ మేరీ చర్చి, 1680 అక్టోబరు 28న ప్రార్థనలు మొదలైనది. ఫిరంగి గుండ్లకి తట్టుకోవాలని పైకప్పుని కమాను ఆకారంలో దళసరిగా కట్టారు, కప్పులో కలప ఎక్కడా వాడలేదు. రాబర్ట్ క్లైవ్ పెళ్ళి జరిగింది ఇక్కడే. రాయలసీమవాళ్ళు మీతో ఎవరైనా ఉంటే వాళ్ళకి మాత్రం ఇక్కడ చూపించవలసింది మన్రో సమాధి. దత్తమండలాల కలెక్టరుగా పనిచేసి, గవర్నరైన థామస్ మన్రో 1827 జులైలో పత్తికొండలో కలరాతో పోయాడు. ముందు గుత్తిలో పూడ్చి, తర్వాత అస్థికలని ఈ చర్చికి తెచ్చారు. కడప, కర్నూలు పల్లెల్లో పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నది ఈయన మీద గౌరవంతోనే.

కోటకి గంటన్నర చాలు. బయటికి వచ్చి ఫోర్ట్ స్టేషన్‌కి చేరుకోండి. ఇక్కడ రెండు రకాల లోకల్ బండ్లు వస్తాయి, చూసి ఎక్కాలి. తాంబరం వైపు వెళ్ళే సబర్బన్ బండి ఎక్కితే పార్క్ తర్వాత ఎగ్మోర్, రెండే స్టేషన్లు. వేళచ్చేరి వైపు వెళ్ళేది ఎంఆర్‌టీఎస్, అది పార్క్ టౌన్ మీదుగా ట్రిప్లికేన్, మైలాపూర్ వెళ్ళిపోతుంది, ఎగ్మోర్ రాదు. పార్క్, పార్క్ టౌన్ వేర్వేరు స్టేషన్లు. పెద్దవాళ్ళకి ఓవర్‌బ్రిడ్జి మెట్లు కష్టమైతే ఆటోనే మేలు.

ఎగ్మోర్‌లో భోజనం చేసి ఒంటిగంటకి పాంథియన్ రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియంకి వెళ్ళండి. ఇది 1851లో మొదలైంది. ఇదీ శుక్రవారం సెలవే. ఆవరణ పెద్దది, ఆరేడు భవనాలు, అన్నీ చూడాలనుకుంటే కాళ్ళు పోతాయి. ఏదీ సరిగా చూడకుండానే అయిదవుతుంది. టికెట్ తీసుకునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: అమరావతి గ్యాలరీ ఈరోజు తెరిచి ఉందా? ఇక్కడ మరమ్మతుల కోసం ఒక్కో గ్యాలరీని నెలల తరబడి మూసేస్తుంటారు. తెరిచి ఉంటే కనీసం ఒకటిన్నర గంట దానికే ఇచ్చి, ఇంకో అరగంట కంచు విగ్రహాలకి ఇవ్వండి. తిరువాలంగాడు నటరాజు అక్కడే.

విజయవాడ నుంచి వస్తున్నవారికి ఇది ఎందుకింత పట్టుబట్టి చెప్పడమంటే, మీ ఊరికి ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో నిలబడిన అమరావతి మహాచైత్యంలో, అంటే పెద్ద బౌద్ధ స్తూపంలో, పెద్ద భాగం ఇప్పుడు ఈ గదుల్లో ఉంది. అమరావతికి వెళ్తే దిబ్బ, కొన్ని రాళ్ళు కనిపిస్తాయి, చైత్యం ఎలా ఉండేదో తెలియాలంటే ఇక్కడికే రావాలి. కాలిన్ మెకంజీ 1797లో దాన్ని చూసేనాటికే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కడుతున్నాడు, చైత్యం రాళ్ళు కట్టుబడికి పోతున్నాయి. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి రాళ్ళని మదరాసుకి పంపించాడు. అవి ఏళ్ళ తరబడి ఆరుబయట ఎండకీ వానకీ పడి ఉన్నాయి. కొన్ని లండన్ వెళ్ళి బ్రిటిష్ మ్యూజియంలో తేలాయి. ఇక్కడ ఉండిపోయిన వాటికి ఇంకో కష్టం వచ్చింది: గోడలకి సిమెంటుతో బిగించేశారు. పల్నాటి సున్నపురాయి మెత్తన. గోడ తేమతోపాటు సిమెంటులోని ఉప్పు రాతిలోకి ఎక్కి, ఆరినప్పుడల్లా పైపొర పెచ్చులుగా రాలింది. కొన్ని శిల్పాల ముఖాలు అరిగినట్టు కనిపించడానికి అదొక కారణం, అన్నీ కాలం చేసిన పని కాదు.

గ్యాలరీలో ముందు చైత్యం బొమ్మ చెక్కిన పలక ఒకటి వెతికి పట్టుకోండి. గుండ్రటి అండం, చుట్టూ ప్రాకారం, ద్వారం మీద సింహాలు, ముందుకి పొడుచుకొచ్చిన వేదిక మీద అయిదు ఆయక స్తంభాలు, అన్నీ ఆ ఒక్క రాతిలో ఉంటాయి. అది మనసులో పడితే మిగతా ముక్కలు ప్రాకారంలోవా, అండం మీదివా అన్నది మీరే చెప్పగలరు. తర్వాత నళగిరి ఏనుగు పతకం. గుండ్రటి రాతిలో ఒకే ఏనుగు రెండుసార్లు ఉంటుంది. ఎడమ వైపు మదమెక్కి వీధిలో మనుషుల్ని తొక్కుతూ వస్తోంది, కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. మేడల కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగి చూస్తున్నారు, ఒకామె భయంతో పక్కవాళ్ళని పట్టుకుంది. ఎదురుగా నిలబడితే లోతు తెలియదు. కాస్త పక్కకి జరిగి ఏటవాలుగా చూడండి, మనుషులు రాతిలోంచి బయటికి వస్తారు. జగ్గయ్యపేట పలకలు కూడా ఇక్కడే. తాకకండి, చేతి చెమట కూడా ఆ రాతికి చేటే. తెలుగులో తొలి మాటల్లో ఒకటని చెప్పే 'నాగబు' దొరికింది అమరావతి రాతి మీదేనని అమ్మానాన్నలకి గుర్తుచేయండి, స్తంభాల మీద బ్రాహ్మీ అక్షరాల వంక ఇంకోలా చూస్తారు.

నాలుగున్నరకి బయటపడి మెట్రోలో సెంట్రల్‌కి తిరిగి రండి. ఇక సౌకార్‌పేట. మింట్ స్ట్రీట్‌కి వెళ్ళాలి, కానీ ఆటోవాళ్ళతో ఒట్టి 'మింట్' అనకండి. మింట్ అంటే వీధికి ఉత్తరపు కొసన వళ్ళలార్ నగర్‌లో ఉన్న బస్టాండు, అక్కడ దించేస్తారు. 'సౌకార్‌పేట్, ఎన్‌ఎస్‌సీ బోస్ రోడ్ ముక్కు' అని చెప్పండి, ముక్కు అంటే తమిళంలో వీధి మూల. తమిళంలో ఆ వీధిని తంగసాలై అంటారు. వీధి మొదట్లో వెండి, చీరలు. కాకడా రాంప్రసాద్‌లో వేడి జిలేబీ, బాదం పాలు. ఇంకాస్త ముందుకి మురుకు శాండ్‌విచ్ బళ్ళు. రొట్టెకి బదులు గుండ్రటి మురుకుల మధ్య టమాటా, కీరా, పచ్చిచట్నీ పెట్టి ఇస్తారు. చేతికి రాగానే తినేయాలి, రెండు నిమిషాలు ఆగితే మురుకు మెత్తబడి రుచి పోతుంది. ఎన్‌ఎస్‌సీ బోస్ రోడ్డులో సీనా భాయ్ టిఫిన్ కొట్టు సాయంత్రమే తెరుస్తుంది. నెయ్యి ఇడ్లీ, ఊతప్పం, అంతే. నెయ్యి ధారగా పోస్తారు, నాన్నగారికి కొలెస్టరాల్ ఉంటే ముందే తక్కువ వేయమనండి. కూర్చునే చోటు ఉండదు, నిలబడి తినాలి. పెద్దవాళ్ళు నిలబడలేకపోతే పార్సెల్ కట్టించుకుని స్టేషన్లో తినడం నయం. బర్మా బజార్ వైపు దొరికే అత్తో, అంటే బర్మా నూడుల్స్ కూడా పేరున్నదే, కానీ అది బీచ్ స్టేషన్ దగ్గర, ఈ దారికి ఎడం. పైగా అదే గరిటెతో గుడ్డు వంటకాలూ చేస్తారు కాబట్టి శాకాహారులు దాని జోలికి పోవద్దు.

దగ్గర్లోనే కొత్వాల్ చావడి. 1996లో కోయంబేడుకి తరలిపోయే వరకూ నగరమంతటికీ కూరగాయలు ఇక్కణ్ణుంచే వెళ్ళేవి. ఆ మార్కెట్ స్థలం వైశ్యుల కన్యకా పరమేశ్వరి దేవస్థానానిది, అమ్మవారి గుడి అక్కడే ఉంది. దర్శనానికి ఇంకాస్త వేళ మిగిలితే వెళ్ళండి, లోపల తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు వస్తుంది.

మీరు వచ్చేది శుక్రవారమైతే రెండు మ్యూజియంలూ పోయినట్టే. అప్పుడు పొద్దున నడక అలాగే ఉంచి, కోటలో చర్చి మాత్రం చూసి, ఆర్మీనియన్ వీధిలో 1772లో తిరిగి కట్టిన ఆర్మీనియన్ చర్చి, ఆ తర్వాత రాయపురం స్టేషన్ పెట్టుకోండి, మధ్యాహ్నం మూడు గంటలపాటు స్టేషన్ విశ్రాంతి గదిలో నడుం వాల్చండి. ఆదివారమైతే మ్యూజియంలు తెరిచే ఉంటాయి, వీధులు ఖాళీగా నడవడానికి హాయిగా ఉంటాయి, కానీ జార్జిటౌన్‌లో కొట్లు చాలావరకు మూత. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం. గట్టి వాన పడితే జార్జిటౌన్ సందుల్లో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి, ఆ రోజు నడక మానేసి మెట్రోలో నేరుగా మ్యూజియంకి వెళ్ళిపోండి. ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిదిన్నర తర్వాత గుడి ప్రాంగణం రాళ్ళ మీద వట్టి కాళ్ళతో నడవలేరు, మేజోళ్ళు వెంట ఉంచుకోండి.

ఏడున్నరకల్లా సెంట్రల్ క్లోక్‌రూమ్ దగ్గర ఉండండి. ఆ వేళకి ఉత్తరాది బండ్ల రద్దీ మొదలై వరుస పెరుగుతుంది, సామాను విడిపించుకోవడానికి అరగంట పట్టవచ్చు. బ్యాగులు రెండు దాటితే మెట్రోలో మెట్లు, తనిఖీ మిషన్లు అవస్థ, ప్రీపెయిడ్ కౌంటర్లో ఆటో తీసుకోండి. ఎనిమిదిన్నరకి ఎగ్మోర్‌లో ఉంటే ప్లాట్‌ఫాం చూసుకుని, అమ్మానాన్నలని తొందరపెట్టకుండా బెర్తుల దాకా తీసుకెళ్ళవచ్చు.